మరమ్మతు హక్కులో మా ఆటపెట్టెకు చోటేది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి శ్రీ ప్రహ్లాద్ జోషి గారికి,



కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న హొళగుంద నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు ధార్వాడ నుంచి ఎన్నికైనవారు కాబట్టి మా ఊరు ఏ దిక్కున ఉందో పెద్దగా చెప్పనక్కర్లేదు. సిరుగుప్ప వైపు నుంచి వస్తే ఆంధ్రలో ముందుగా తగిలే ఊళ్లలో మాదొకటి. కన్నడం ఇంటిమాటగా ఉన్న కుటుంబాలు ఇక్కడ తక్కువేం కాదు. దసరా రాత్రి కర్రల సమరం అంటూ టీవీలు చూపించే దేవరగట్టు మా మండలంలోదే. బయటివాళ్లకు మేం గుర్తొచ్చేది ఆ ఒక్క రాత్రే. మిగతా రోజుల్లో మాకూ చిన్నాచితకా గొడవలుంటాయి. వాటిలో ఒకటి మీ శాఖ గడప దాకా వచ్చేది ఉంది.

విషయం అరచేతిలో పట్టేంత చిన్నది. పాత వీడియో గేములు, అంటే చేత్తో పట్టుకుని ఆడుకునే ఆటపెట్టెలు, ఇంట్లో కూర్చుని బాగు చేసుకోవడం గురించి. నేను బడిలో సైన్సు పాఠాలు చెబుతాను. సాయంత్రం పూట ఇంట్లో ఈ పని పెట్టుకుంటాను. డబ్బు తీసుకోను, కాబట్టి నన్ను మెకానిక్ అని ఎవరూ అనరు. అయినా ఆదివారం వస్తే గుమ్మం ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. మనవణ్ని వెంటబెట్టుకొచ్చిన ఒక అవ్వ మొన్న పెట్టెను నా చేతిలో పెట్టి, "సారూ, దీన్ని యట్లన్నా చేసి పలికిచ్చు, పిల్లోడు బువ్వ తినకుండ కూసున్యాడు" అంది. దాని వెల అడిగితే ఆమెకు గుర్తులేదు. కొడుకు ఎప్పుడో జాతరలో కొన్నాడట, ఇప్పుడు వాడి కొడుకు ఆడుతున్నాడు.

ఆ పెట్టెను మీరూ చూసే ఉంటారు. తొంభైల్లో అంగళ్ల ముందు దండలుగా వేలాడేది. పైన బూడిదరంగు తెర, కింద పసుపు బటన్లు, అట్టపెట్టె మీద "9999 ఆటలు" అనే ప్రకటన. లోపల ఉన్నవి నిజానికి పదో పదిహేనో, మిగతావన్నీ అవే ఆటలు వేగం మార్చి, మెట్టు మార్చి వచ్చేవి. అంత బాహాటంగా అబద్ధమాడిన వస్తువు మీద మా తరంలో ఒక్కరూ వినియోగదారుల ఫోరానికి వెళ్లలేదు, అది వేరే సంగతి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరలో, శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న సన్నిధి అంగళ్లలో, ఆదోని బజారులో మారాం చేసిన పిల్లలకు కొనిపెట్టిన బొమ్మ అది. అందులో అందరూ ఆడింది ఒకటే ఆట, పైనుంచి పడే ఇటుకలను వరుసగా పేర్చడం. ఆ ఆటను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. 1989లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన గేమ్ బాయ్ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ఆ గేమ్ బాయ్ మా తాలూకాల్లోకి దాదాపు రాలేదు. దాని బీదబంధువు, ఊరూపేరూ లేని ఈ ఇటుకల పెట్టె మాత్రం ప్రతి వీధికీ వచ్చింది.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. అరచేతి ఆటలకు ఆద్యుడని పేరున్న గున్‌పే యోకోయ్ 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన ఉద్యోగం ఆటలు కనిపెట్టడం కాదు. అప్పట్లో ఆ కంపెనీ అచ్చువేసే పేకముక్కల యంత్రాలు చెడిపోకుండా చూసుకోవడం. అంటే ఆయన మరమ్మతు మనిషి. 1980లో ఆయన తెచ్చిన గేమ్ అండ్ వాచ్‌కు వాడింది కొత్త పరిజ్ఞానం కాదు. కాలిక్యులేటర్ల పుణ్యమా అని అప్పటికే చవకబడిన తెరలు, చిన్న బటన్ సెల్లులు. పాతబడి, రేటు తగ్గి, గుట్టంతా తెలిసిపోయిన సామానుతో కొత్త ఆట తయారుచేయాలన్నది ఆయన పద్ధతి. గేమ్ బాయ్ కూడా అంతే. పోటీ కంపెనీలు రంగు తెరలు పెడుతున్న రోజుల్లో అది నలుపు తెలుపు తెరతో, నాలుగు పెన్సిల్ సెల్లులతో వచ్చి వాళ్లందరినీ దాటిపోయింది. పెట్టె లోపల ఏముందో పదిమందికీ తెలిసిన వస్తువు కాబట్టే ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాన్ని విప్పి బాగు చేసేవాళ్లు ప్రపంచం నలుమూలలా ఉన్నారు. మా ఇటుకల పెట్టెకు కూడా ఆ గుణమే అబ్బింది.

లోపల ఏముంటుందో చెబుతాను, మీ అధికారులకు పనికొస్తుంది. వెనక మామూలు స్క్రూలు ఉంటాయి, పది రూపాయల స్క్రూ డ్రైవర్‌తో వస్తాయి. విప్పేటప్పుడు మెల్లగా విప్పాలి, ఎందుకంటే శబ్దం చేసే పావలా బిళ్లంత పళ్లెం వెనక డబ్బాకు అతికించి ఉంటుంది, దాని తీగలు వెంట్రుక మందాన ఉంటాయి. తొందరపడి లాగితే పెట్టె మూగబోతుంది. తీగ తెగితే మళ్లీ అతికించవచ్చు. కాకపోతే వేడి కడ్డీ ఆ పళ్లెం మీద రెండు క్షణాలకు మించి ఉండకూడదు, పైపూత లేచిపోతుంది. బోర్డు మధ్యన నల్ల బంక ముద్ద ఒకటి కనిపిస్తుంది. ఆటంతా దాని కిందే ఉంది. అది పోయిందంటే ఇక చేసేదేం లేదు. చెప్పుకోదగ్గ సంగతి ఏంటంటే అది పోవడం చాలా అరుదు. పోయేవన్నీ దాని చుట్టూ ఉన్నవే.

ఎక్కువగా వచ్చే జబ్బు తెర మీద నిలువు గీతలు మాయమవడం. ఇటుక పడుతుంటే సగం కనపడి సగం కనపడదు. తెర గాజుకూ బోర్డుకూ మధ్య తీగలేం ఉండవు. అగ్గిపుల్ల మందాన ఒక రబ్బరు పట్టీ ఉంటుంది, అంతే. భూతద్దం పెట్టి దాన్ని పక్క నుంచి చూస్తే నల్ల చార, తెల్ల చార, మళ్లీ నల్ల చార. నల్లది కార్బన్ కలిపిన రబ్బరు, కరెంటును పోనిస్తుంది. తెల్లది పోనివ్వదు. ఆ చారల వల్లే దాన్ని జీబ్రా పట్టీ అంటారు. గాజు అంచున కంటికి ఆనని గీతలు, బోర్డు అంచున మెరిసే రాగి పలకలు, వాటి మధ్య ఈ పట్టీ నొక్కుకుని ఉన్నంతకాలం బొమ్మ వస్తుంది. స్క్రూ వదులైనా, మా నల్లరేగడి దుమ్ము ఒక్క పొర చేరినా అక్కడి వరుస చచ్చిపోతుంది. మందు కూడా అంతే సులువు. పట్టీని పట్టుకారుతో తీసి, స్పిరిట్‌లో తడిపిన దూదితో మూడు చోట్లా తుడిచి, ఆరనిచ్చి, పట్టీని తిప్పి పెట్టి స్క్రూలు సమంగా బిగిస్తే చాలు. ఒక పక్క బిగించి ఇంకో పక్క వదిలేస్తే గీతలు మళ్లీ వస్తాయి. కొన్ని పెట్టెల్లో పట్టీకి బదులు పల్చటి రిబ్బను అతికించి ఉంటుంది. దానిమీద కాగితం పరిచి వేడి కడ్డీతో ఇస్త్రీ చేసినట్టు మెల్లగా రుద్దితే అతుకు మళ్లీ పట్టుకుంటుంది. గేమ్ బాయ్‌కు వచ్చే నిలువు గీతల రోగానికి అమెరికావాడైనా, జపాన్‌వాడైనా చేసే వైద్యం ఇదే.

రెండో జబ్బు సెల్లు కారడం. దీనిమీద ఇంటర్నెట్‌లో దొరికే సలహాలను మా పిల్లలు గుడ్డిగా పాటిస్తుంటే నేనే ఆపాల్సి వస్తోంది. వెనిగర్ పోయండి, నిమ్మరసం పోయండి అని రాస్తారు. అది ఆల్కలైన్ సెల్లులకు సరైన మాట, వాటిలోంచి కారేది క్షారం, పులుపుతో విరుగుతుంది. మా కిరాణా అంగట్లో దొరికే చవక పెన్సిల్ సెల్లు ఎక్కువగా జింక్ కార్బన్ రకం. దానిలోంచి కారేది ఆమ్ల గుణం ఉన్న జింక్ క్లోరైడ్. దానిమీద మళ్లీ పులుపు పోస్తే లాభం లేదు. వంట సోడా కొద్దిగా నీళ్లలో కలిపి దూదితో అద్ది తుడవాలి, తర్వాత స్పిరిట్, ఆపైన పచ్చటి చిలుము పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి. స్ప్రింగు పూర్తిగా తినేసి ఉంటే పాడైపోయిన టార్చిలైట్ స్ప్రింగును కత్తిరించి అతికిస్తే సరిపోతుంది. పదో తరగతి రసాయన శాస్త్రంలో ఆమ్లాలు, క్షారాల పాఠానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు దొరకలేదు.

బటన్లు పలకకపోవడం పెద్ద సమస్య కాదు, రబ్బరు బుడిపె కింది కార్బన్ పూత అరిగి ఉంటుంది, మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది. తెర నల్లబడటం మాత్రం మా ఊరి ఎండ చేసే పని. గాజు మీద ఉండే పల్చటి పొర మే నెల వేడికి ఉబ్బి, మాడి, ఊడొస్తుంది. చచ్చిపోయిన కాలిక్యులేటర్ పొరను కత్తిరించి దాని స్థానంలో పెడతాం. ఆ ముక్కను నిలువుకు బదులు అడ్డంగా పెట్టామంటే తెరంతా నల్లగా మారి ఇటుకలు తెల్లగా కనిపిస్తాయి. పిల్లలకు ఇలా కావాలనే పెట్టించుకోవడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. కాంతి తరంగాల పాఠం చెప్పడానికి నాకూ అదే వీలుగా ఉంది.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఈ పనులన్నీ ఇంట్లో అయ్యేవేనని మీకు చెప్పాలి. ఖర్చు పదీ ఇరవై రూపాయలు. ఆదోనిలో ఫోన్లు బాగు చేసే అంగళ్లు అడుగడుగునా ఉన్నాయి, వాళ్లు దీన్ని ముట్టుకోరు. అందులో వాళ్ల తప్పేం లేదు. గంట కూర్చుని చేస్తే యాభై రూపాయలు అడగాలి, యాభై పెట్టేబదులు ఇంకో కొత్తది కొనుక్కుంటారు. ఇంత చవక వస్తువుకు ఆస్పత్రి అంటూ ఉంటే అది ఇల్లే. ఇంట్లో బాగుకాకపోతే ఇక పాత ఇనప సామాను బండికే.

మా పల్లెల్లో దీనికి ఇంకో వాడుక ఉంది. కోసిగి, కౌతాళం, హొళగుంద, ఆలూరు మండలాల నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళతాయో మీరు వార్తల్లో చదివే ఉంటారు. మేం దాన్ని సుగ్గి అంటాం. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. కొందరు పిల్లలను సీజనల్ హాస్టళ్లలో వేస్తారు, కొందరిని అవ్వాతాతల దగ్గర వదులుతారు, మిగతావాళ్లు తల్లిదండ్రుల వెంట లారీ ఎక్కుతారు. చేను గట్టున వేసుకున్న గుడారంలో ప్లగ్గు ఉండదు. ఉన్న ఒక్క ఫోన్‌లో మేస్త్రీకి ఫోన్ చేయడానికి, ఊళ్లో ముసలివాళ్లతో మాట్లాడటానికి చార్జింగ్ దాచుకోవాలి. అలాంటి చోట తమ్ముణ్ని చూసుకుంటూ కూర్చునే పదేళ్ల పిల్లకు రెండు పెన్సిల్ సెల్లులతో నెలలు నడిచే ఆటపెట్టె ఎంత ఆసరానో ఢిల్లీలో కూర్చుంటే తట్టకపోవచ్చు. ఆ సెల్లు గుంటూరు జిల్లా ఏ మూల బడ్డీ కొట్లోనైనా దొరుకుతుంది. సుగ్గికి బయల్దేరే ముందు నా దగ్గరికి వచ్చే పెట్టెలు ఎక్కువవుతాయి. ఆ నెలలో నేను సినిమాలూ పెళ్లిళ్లూ మానుకుంటాను.

ఇప్పుడు కొత్తవాటి సంగతికి వస్తాను. ఈమధ్య సంతలకు 400 ఆటల రంగు పెట్టెలు వస్తున్నాయి. వాటిలో ఒక రకాన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వెనక మూత తీస్తే లోపల ఉండేది బీఎల్ 5సీ సైజు బ్యాటరీ, అదే పాత నోకియా ఫోన్లలో ఉండేది. 2007లో నోకియా ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 60 లక్షల బీఎల్ 5సీ బ్యాటరీలకు వేడెక్కే దోషం ఉండొచ్చని ప్రకటించి ఉచితంగా మార్చి ఇచ్చింది. మన దేశంలో ఎంత హడావుడి జరిగిందో అప్పటివాళ్లకు గుర్తుంటుంది. బ్యాటరీ మీద సైజు, నంబరు అచ్చై ఉండబట్టి, వేలితో తీయగలిగేలా ఉండబట్టి, అనుమానం ఉన్నదేదో జనం ఇంట్లోనే చూసుకోగలిగారు. ఆ ఫోన్లు పోయాయి, ఆ సైజు మాత్రం రేడియోల్లో, చేతి స్పీకర్లలో, ఆటపెట్టెల్లో ఇప్పటికీ నడుస్తోంది. హొళగుందలో ఇవాళ్టికీ ఏ ఫోన్ అంగట్లో అడిగినా తీసిస్తారు.

రెండో రకం చూస్తేనే కడుపు మండేది. చూడ్డానికి అదే పెట్టె, అదే ధర. మూత ఉండదు. స్క్రూలు ఉండవు, ప్లాస్టిక్ అంచులు బంకతో అతికించేశారు. గిటార్ పిక్ లాంటి పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి విప్పితే లోపల వెండి సంచి లాంటి బ్యాటరీ, దానిమీద కంపెనీ పేరు లేదు, ఎన్ని ఓల్టులో లేదు, ఎంత సామర్థ్యమో లేదు. రెండు తీగలు నేరుగా బోర్డుకు అతికించి ఉంటాయి. ఏడాది తిరిగేసరికి ఆ సంచి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని పొడిస్తే మంటలు లేస్తాయి కాబట్టి నేను దాని జోలికి పోను, పిల్లలను పోనివ్వను, ఇసుక డబ్బాలో వేసి దూరంగా పెడతాను. చిప్పు బాగుంటుంది, తెర బాగుంటుంది, బటన్లు కొత్తగా ఉంటాయి. వంద రూపాయల బ్యాటరీ ఏదో తెలియక మొత్తం పెట్టె చెత్త.

పెద్ద కంపెనీలకూ ఈ రెండు దారులూ తెలుసు. సోనీ 2004లో తెచ్చిన పీఎస్పీకి వెనక బ్యాటరీ మూత ఉంది. కువైట్ నుంచి చుట్టాలు తెచ్చిన అలాంటివి ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి, కొత్త బ్యాటరీ వేస్తే లేచి కూర్చుంటాయి. అదే కంపెనీ 2009లో తెచ్చిన పీఎస్పీ గోలో బ్యాటరీని లోపలే బిగించేసింది. ఇటువైపు చూస్తే, 2022లో స్టీమ్ డెక్ అనే ఆటపెట్టె తెచ్చిన వాల్వ్ కంపెనీ దాని అసలు విడిభాగాలను ఐఫిక్సిట్ అనే మరమ్మతు సంస్థ ద్వారా ఎవరికైనా అమ్మించింది. విప్పడానికి వీలుగా చేయడం కుదరని పని కాదు. చేసేవాడు అనుకోవాలి, లేదా అనుకునేలా ఎవరైనా చేయాలి.

అయ్యా, ఇక మీ శాఖ మాట. 2022 జూలైలో మీ శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ ప్రారంభమైంది. అందులో నాలుగు రంగాలు తీసుకున్నారు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. ట్రాక్టర్ ఉన్న ఊరివాణ్ని కాబట్టి ఆ మొదటి పేరు చూసి సంతోషించాను. వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే మరమ్మతు సూచిక కోసం తర్వాత వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది, అదీ ముందు ఫోన్లు ట్యాబ్లెట్ల గురించే. ఆటపెట్టెలకు మాత్రం ఇందులో ఎక్కడా ప్రత్యేకంగా చోటు లేదు.

ప్రభుత్వానికి ఆటపెట్టె అనే వస్తువు ఉందని తెలియదా అంటే, బాగా తెలుసు. 2012లో ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు తెచ్చినప్పుడు మొదటి జాబితాలో ఉన్నవి 15 వస్తువులే, వాటిలో వీడియో గేములున్నాయి. 2016 నాటి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ వ్యర్థాల) నిబంధనల్లో 21 రకాలే ఉండేవి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో వాటిని వంద దాటించి వీడియో గేములనూ చేర్చారు. అంటే షాకు కొడుతుందేమోనని చూసేటప్పుడు లెక్కలో ఉంది, చెత్తకుప్పలో చేరాక లెక్కలో ఉంది. ఆ రెండింటి మధ్య అది బతికుండే కాలంలో మాత్రం లెక్కలో లేదు.

ఇది మన ఒక్కరి లోపం కాదు. కాలిఫోర్నియా 2023లో చేసిన మరమ్మతు హక్కు చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. టోకు ధర 50 నుంచి 100 డాలర్ల లోపు ఉన్న వస్తువులకు 3 ఏళ్లు, 100 డాలర్లూ ఆపైన ఉన్నవాటికి 7 ఏళ్లు విడిభాగాలూ సమాచారం దొరకాలంటుంది. 50 డాలర్లకు తక్కువైన వాటి ఊసే లేదు. పైగా వీడియో గేమ్ కన్సోళ్లను ధరతో పనిలేకుండా పక్కన పెట్టేశారు. మిన్నెసోటా చట్టంలోనూ అంతే. విప్పనిస్తే ఆటలకు దొంగకాపీలు పెరుగుతాయని కంపెనీల వాదన. ఉబ్బిన బ్యాటరీ మార్చడానికీ దొంగకాపీకీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. 50 డాలర్లంటే మన లెక్కలో నాలుగు వేల రూపాయల పైమాటే. మా సంతలో దొరికే ఆటపెట్టెలన్నీ ఆ గీతకు ఎంతో దిగువన ఉంటాయి. ఆ నమూనా చూసి మనమూ ధర గీత గీశామంటే మా తాలూకాలకు ఆ హక్కు కాగితం మీద కూడా రాదు.

ఐరోపా సమాఖ్య ఈ ఒక్క విషయంలో తెలివిగా పోయింది. వాళ్లు 2023లో బ్యాటరీల నిబంధన తెచ్చారు. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ వస్తువుల బ్యాటరీని, కొన్ని మినహాయింపులు తప్ప, కొన్నవాడే మామూలు పనిముట్లతో తీసి మార్చుకునేలా ఉండాలి. ధర ఎంత, కంపెనీ ఏది అన్న ప్రశ్న లేదు. అతికించి పారేయించే వ్యాపారం ఆ రోజుతో అక్కడ ఇబ్బందుల్లో పడుతుంది. అక్కడ అమ్ముడుపోని ఆ మూసలన్నీ ఎటు మళ్లుతాయో ఊహించడానికి వ్యాపారం చదవనక్కర్లేదు, మా సంతలకే వస్తాయి.

మీ పోర్టల్ కంపెనీల మీద ఆధారపడింది. కంపెనీ తన పుస్తకాలు, విడిభాగాల ధరలు, సర్వీసు కేంద్రాల చిరునామాలు పెడితే మేం చూసుకోవాలి. మా చేతిలో ఉన్న పెట్టె మీద కంపెనీ పేరే ఉండదు, ఎవరి పుస్తకం వెతకాలి? కాబట్టి నేను అడిగేది పోర్టల్లో ఇంకో గడి కాదు. రిజిస్ట్రేషన్ ఉత్తర్వు ఎలక్ట్రానిక్స్ శాఖది కావచ్చు, రిజిస్ట్రేషన్ చేసే భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ మీ శాఖ కిందే ఉంది. ఆటపెట్టె దేశంలో అమ్ముడుపోవాలంటే ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. ఆ గుమ్మం దగ్గరే ఇంకో షరతు పెట్టించండి: బ్యాటరీ మూత తీస్తే వచ్చేలా ఉండాలి, దానిమీద ఓల్టులూ సామర్థ్యమూ సైజూ అచ్చై ఉండాలి, పెట్టె బంకతో కాకుండా మామూలు స్క్రూలతో మూసుకోవాలి. సర్క్యూట్ బొమ్మలు, సాఫ్ట్‌వేర్ తాళాలు మాకు ఇప్పుడే అక్కర్లేదు. ఈ కాస్త చాలు, మిగతాది మేం చూసుకుంటాం. ఉన్న నియమమే సంత దాకా రావడం లేదని మీ అధికారులు చెప్పవచ్చు. నిజమే, ఇక్కడ దొరికే చాలా పెట్టెల మీద ఆ నంబరు నాకు కనిపించలేదు. అలాగని నియమం వద్దనుకోలేం కదా. ఓడరేవులో కంటైనర్ విప్పి చూడగల శాఖలు మీకున్నాయి. సంతలో తట్ట పెట్టుకున్న చిన్న వ్యాపారి మీద మాత్రం దయచేసి పడకండి, అతనికి లోపల ఏముందో తెలియదు.

ఇళ్లలో పిల్లలు బ్యాటరీలు విప్పితే ప్రమాదం కదా అని ఇంకో ప్రశ్న వస్తుంది. ప్రమాదమే. కానీ ఇప్పుడు విప్పనట్టా? తాళం వేసి ఉంచినందువల్ల ఎవరూ ఆగడం లేదు, కత్తి పెట్టి పొడుస్తున్నారు. మూత ఉన్న బ్యాటరీని పొడవాల్సిన పని లేదు. పాత సెల్లులు, ఉబ్బిన బ్యాటరీలు తీసుకునే పెట్టె ఒకటి మండల కేంద్రంలో పెట్టించగలిగితే ఇంకా మేలు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే అంటారు. మా ఊళ్లో ఎక్కడ ఇవ్వాలో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. నా ఇసుక డబ్బా నిండుతోంది.

వచ్చే సుగ్గి లోపల ఇదంతా జరిగిపోతుందని నేను అనుకోవడం లేదు. మీ శాఖ మరమ్మతు హక్కు నివేదికను ఈసారి ముందుకు తీసినప్పుడు ఫోన్లు, ట్రాక్టర్ల పక్కన ఆటపెట్టె పేరును కూడా రాయించండి. ధర గీత మాత్రం గీయనివ్వకండి. బీఐఎస్ ఈ షరతుల మీద జనం అభిప్రాయం అడిగితే ఆ ప్రకటన తెలుగులోనూ కన్నడంలోనూ వేయించండి. మా ఊళ్లో రెండూ చదువుతారు, జవాబు రాసేవాళ్లూ ఉన్నారు.

ఇట్లు,
హొళగుంద నుంచి ఒక సైన్సు ఉపాధ్యాయుడు